గళ్లు కనబడితే తప్పు మన అక్షరాలది కాదు



మేం ముగ్గురం సీతంపేట వైపు సవర పిల్లలం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అమ్మమ్మల నోట విన్న సవర మాటలు రాసి దాచుకుందామని, హాస్టల్‌లో పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు మీద ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌ని సొంతంగా కంపైల్ చేశాం. మాటలు తెలుగు లిపిలోనూ, మంగెయి గొమాంగో 1936లో చేసిన సోరా సోంపెంగ్ లిపిలోనూ రాయాలని ఆశ.

తెరిస్తే మెనూలు పాతకాలం బూడిద రంగు. తెలుగు ఒత్తులు విడిపోయాయి. సోరా సోంపెంగ్ అంతా ఖాళీ గళ్లే. "ఏటిరా ఇది, మన భాష కంప్యూటర్‌కి ఎక్కదేటి?" అనుకున్నాం. రెండు రాత్రులు థీమ్‌లు మార్చాం. ఏం లాభం లేదు.

చివరికి కాన్ఫిగర్ ఆఖర్న చూపించే జాబితా చదివాం. టూల్‌కిట్ జీటీకే కాదు, లూసిడ్. హార్ఫ్‌బజ్ దగ్గర 'నో'. లిబ్‌జీటీకే-3-డెవ్, లిబ్‌హార్ఫ్‌బజ్-డెవ్ వేసి, మేక్ క్లీన్ కొట్టి, మళ్లీ కాన్ఫిగర్, మేక్ చేశాం. మెనూలు బాగుపడ్డాయి, ఒత్తులు కలిశాయి. గళ్లు మాత్రం పోలేదు. అవి ఫాంట్ లేక వచ్చినవి. నోటో సాన్స్ సోరా సోంపెంగ్ వేశాక అక్షరాలొచ్చాయి.

మన గిడుగు రామమూర్తి పంతులుగారి సవర నిఘంటువు 1938 నాటిది. లిపి యూనికోడ్‌లోకి 2012లోనే వచ్చింది. మన భాషకి చోటు ఎప్పుడో ఉంది. మా మెషిన్‌లోనే రెండు ప్యాకేజీలు, ఒక ఫాంట్ తక్కువయ్యాయి.

ఒత్తు విడిపోతే హార్ఫ్‌బజ్ చూడండి, గళ్లొస్తే ఫాంట్ చూడండి. సిగ్గుపడి మూసేయకండి. మేం మొదట కొట్టింది అమ్మమ్మల పేర్లు.