పిల్లలచే కథలు వ్రాయించుట

పిల్లలకు కథ చెప్పుట మనకందరకును అలవాటైన పనియే. పిల్లలచేత కథ వ్రాయించుట యంత సులభము కాదు. ఆ పనిలో మేము చేసిన పొరపాటొకటి మీకు తెలుపుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మావారు కోనసీమలో నొక పల్లెయందు ఉపాధ్యాయులు. ఏడవ తరగతి పిల్లలను కథ వ్రాయుమన్నచో, "అనగనగా ఒక రాజు" అని మొదలిడి, నాలుగవ వాక్యమునకే పెండ్లి చేసి చేతులు దులుపుకొనుచుండిరి. రామాయణ భారత కథలనైతే విన్నది విన్నట్లు అప్పగించుచుండిరి. వారెన్నడును వినని కథ చెప్పి వ్రాయించిన బాగుండునని మావారు తలచి, ఆ భారము మాపై నుంచిరి. మేము బడికి పోయినవారము కాము. తండ్రిగారి యొద్ద భారత భాగవతములు చదువుకొంటిమి. గ్రీకుల పురాణకథలు కాపురమునకు వచ్చిన పిమ్మట చదివితిమి.

సాయంకాలము మా యరుగుపై పదిమంది చేరిరి. మేము డిమీటరు కథ చెప్పితిమి. ఆమె పంటలకు అధిదేవత. ఆమె కూతురు పెర్సెఫనీ పూలు కోయుచుండగా భూమి బ్రద్దలై, పాతాళరాజగు హేడీసు రథముపై వచ్చి యామెను కొనిపోయెను. తల్లి తొమ్మిది దినములు అన్నపానములు మాని, కాగడాలు చేతబూని వెదకెను. ఆమె దుఃఖముచే విత్తిన గింజ మొలవదాయెను. తుదకు దేవరాజగు జ్యూసు కూతును పంపుమని కబురంపెను. కాని హేడీసు ఆమెచే ముందే దానిమ్మగింజ తినిపించెను. పాతాళమున తిన్నవారు మరల నచటికి పోవలసినదే. అందుచే సంవత్సరములో మూడవవంతు కూతురచట నుండుననియు, ఆమె తిరిగి వచ్చినప్పుడే పూలు పూయుననియు గ్రీకులు చెప్పుకొనిరి.

పిమ్మట పిల్లలను మూడు ప్రశ్నలడిగితిమి. ఈ కథ నెవరు చెప్పుచున్నారు? వారికి కావలసినదేమి? దాని కడ్డు వచ్చినదేమి? ఈ మూడును తేల్చుకొని వ్రాయుడంటిమి. ఒక బాలుడు హేడీసు గుఱ్ఱము చెప్పినట్లు వ్రాసి, దాని కాళ్ళనొప్పులతోనే పుటంతయు నింపెను. అందరమును నవ్వుకొంటిమి.

ఒక బాలిక మాత్రము తల్లియే వెడలిపోయినట్లును, కూతురింట నున్నట్లును వ్రాసెను. మేము ఎఱ్ఱసిరాతో గీత గీసి, "కథ తలక్రిందులైనది, సరిచేయుము" అని వ్రాసితిమి. ఆమె మారుమాటాడక పుస్తకము తీసికొని పోయెను.

రాత్రి మావారి నోట తెలిసినది. ఆ పిల్ల తల్లి కువైటులో నొకరింట వంటపనికి కుదిరి మూడేండ్లాయెనట. మేము మరల ఆ పుట తెప్పించుకొని చదివితిమి. "అక్కడ తిన్నవాళ్ళు అక్కడే ఉండాలంట. మా అమ్మ ఎన్ని గింజలు తిన్నదో నాకెవరూ చెప్పలేదు" అని యందున్నది. మా యెఱ్ఱగీత సరిగా ఆ వాక్యముమీదనే పడినది.

సిగ్గుపడితిమి. ఆ కథనే గ్రీకుల ప్రాచీన స్తోత్రమొకటి ఒక గింజతో చెప్పినది. రోమను కవి ఓవిడు ఏడు గింజలనియు, సంవత్సరమును సగముగా పంచిరనియు మార్చెను. మన నన్నయగారును భారతమును మాటకు మాటగా తెనిగింపలేదు. మహాకవుల కిచ్చిన స్వాతంత్ర్యమును పండ్రెండేండ్ల పిల్లకు నిరాకరించుటకు మేమెంతవారము?

మరునాడు ఆమెను పిలిచి, "తప్పు మాది తల్లీ, నీ కథ సరిగానే యున్నది, ముగింపు వ్రాయుము" అంటిమి. ఆమె కొంత సేపూరకుండి, "అమ్మ ఇంకా రాలేదు కదండీ!" అనెను. ముగింపు లేకుండనే యుంచుమంటిమి. నాలుగవ వాక్యమునకే పెండ్లి చేసిన ఆ పిల్లలలో, రాని ముగింపును కల్పింపనొల్లని యా పిల్లయే కథ యననేమో మాకు నేర్పినది.

కావున సోదరీమణులారా, మీ పిల్లలు వ్రాసినది చేతికి వచ్చినప్పుడు తప్పులు దిద్దుటకు ముందు, "ఇది ఎవరి కథ?" యని యొక్కమాట యడుగుడు. అక్షరదోషములు రేపు దిద్దవచ్చును.