ముందు రాయి, తర్వాత నీరు

మా భిలాయి-3లో సెలవులంటే విశాఖ రైలెక్కి సొంతూరు వెళ్లడమే. ఈసారి పిల్లలు ఎదురుతిరిగారు. అమ్మాయికి రాక్ క్లైంబింగ్ కావాలి, అబ్బాయికి స్కూబా డైవింగ్. రెండూ ఒక్కచోటే అంటే థాయిలాండ్‌లో క్రాబీ ఉంది. సున్నపురాతి కొండలు, వాటి కిందే సముద్రం. నలుగురి ఖర్చు లెక్కేశాక చూపు కర్ణాటక మీద పడింది. తాడు లేకుండా, కింద పరుపు వేసుకుని ఎక్కేందుకు హంపీలో గ్రానైట్ బండరాళ్లు. మురుడేశ్వర్ తీరానికి దాదాపు 19 కిలోమీటర్ల దూరంలో నేత్రాణి దీవి. వేసవిలో హంపీ బండలు కాలిపోతాయి, వానాకాలంలో నేత్రాణిలో డైవింగ్ ఉండదు. కాబట్టి డిసెంబర్.

వరస కూడా ముఖ్యమే. నీటి అడుగున పీడనానికి ఒంట్లో ఎక్కువ నైట్రోజన్ కరుగుతుంది. అది బయటికి పోకముందే విమానం ఎక్కినా, ఘాట్ రోడ్డెక్కినా ప్రమాదం. డైవింగ్ ముగించాక కనీసం 18 గంటలు ఆగడం మేలు. అందుకే హంపీ ముందు.

చివరగా ఆరోగ్య ఫారం. ‘గుండెకు చికిత్స జరిగిందా?’ ఆరేళ్ల కిందటి స్టెంట్ సంగతి దాచేసి ‘లేదు’ అని రాయబోయాను. అమ్మాయి పెన్ను లాక్కుంది. “కింద పరుపు లేకుండా నన్ను బండ ఎక్కనిస్తావా నాన్నా?”

డైవింగ్‌కు మూడు పేర్లే ఇచ్చాం. నేను పడవలో కూర్చుంటాను.