ఓడిన జట్టుకీ ఒక పాయింటు

గెలిచే జట్టుకు ఊరూరా అభిమానులుంటారు. మరి ఓడిపోయే జట్టుకో? అదీ ఒకటి రెండు మ్యాచ్‌లు కాదు, వరసగా మూడు సీజన్లు అట్టడుగునే మిగిలిన జట్టుకు? దానికీ ఉంటారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు పల్లెల్లో అలాంటివాళ్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. ఆట కబడ్డీ. జట్టు తెలుగు టైటాన్స్.

పశ్చిమ ప్రకాశంలో కబడ్డీ ఎవరూ కొత్తగా నేర్పాల్సిన ఆట కాదు. పెద్దవాళ్లకది చెడుగుడు. బ్యాటు కొనక్కర్లేదు, బంతి కొనక్కర్లేదు. కోత అయిపోయిన చేను, మధ్యలో ఒక గీత, అటు ఏడుగురు, ఇటు ఏడుగురు ఉంటే చాలు. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలయ్యాక అదే ఆట మట్టి వదిలి మ్యాటెక్కింది, టీవీలోకొచ్చింది. తొలి సీజన్ నుంచీ టైటాన్స్ ఉంది. రాహుల్ చౌదరి కూతకు వెళ్తుంటే ఇళ్లల్లో పిల్లలు లేచి నిలబడిన రోజులవి. 2015లోనూ, 2016లోనూ జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది.

ఆ తర్వాత కథ తిరగబడింది. 2021 డిసెంబరులో మొదలైన ఎనిమిదో సీజన్‌లో ఆడినవి 22 మ్యాచ్‌లు, గెలిచింది ఒక్కటి. కరోనా వల్ల ఆ పోటీలన్నీ బెంగళూరులో, ప్రేక్షకులు లేకుండానే జరిగాయి. 2022లో తొమ్మిదో సీజన్. 22లో గెలిచినవి 2. పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్నారు. అప్పటికి లీగ్‌లో అదే రికార్డు ధర. ఫలితం? మళ్లీ 22లో 2. మొత్తం 66 మ్యాచ్‌లకు 5 గెలుపులు!

ఎందుకిలా? ఎనిమిదో సీజన్‌లో ప్రధాన రైడర్ సిద్ధార్థ్ దేశాయ్ గాయంతో దూరమయ్యాడు. పదో సీజన్‌లో పవన్ ఒంటరిగా పాయింట్లు తెచ్చినా, ఇటు వెనకాల పట్టు బిగించేవాళ్లు కరవయ్యారు. కూత ఒక్కడిది కావచ్చు, పట్టు మాత్రం ఏడుగురిదీ. చెడుగుడు ఆడిన ఏ పల్లె కుర్రాణ్ని అడిగినా ఈ సంగతి చెబుతాడు.

"ఏందిరా, రోజూ ఓడిపోయేవాళ్ల ఆట అంత ఇదిగా చూస్తావు?" అని తాత విసుక్కుంటాడు. "ఏడు పాయింట్లలోపు ఓడితే మనకూ ఒక పాయింటు వస్తది తాతా" అంటాడు మనవడు. నిజమే, ఆ సీజన్లలో నియమం అదే. గెలిస్తే ఐదు, సమమైతే మూడు, ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే ఒకటి. ఒకే ఒక్క మ్యాచ్ గెలిచిన ఎనిమిదో సీజన్‌లో టైటాన్స్ ఓడినవి 17. అందులో 10 మ్యాచ్‌లు ఈ కొద్ది తేడాతో పోయినవే. పట్టికలో అట్టడుగు అని కనిపిస్తుంది గానీ, చివరి నిమిషం దాకా చేసిన పెనుగులాట కనిపించదు. అది చూసినవాళ్లకే తెలుసు.

ఈ నేల మీద ఆ తేడా త్వరగా అర్థమవుతుంది. ఇక్కడ సేద్యం చాలావరకు వాన మీదే. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదంటారు కదా! కంది పూత మీదున్నప్పుడు ఒక్క తడి అందక దిగుబడి పోయిన ఏళ్లు ఎన్నో. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగినప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులూ తండ్రులూ అయ్యారు. ఓడిన ఏడు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు వేరే చెప్పాలా?

అయితే రెండూ ఒకటేనని మాత్రం అనుకోకూడదు. ఓడిన ఆటగాడికి మరుసటి ఏడు వేలం ఉంటుంది. ఎండిన చేను రైతుకు ఉండేది అప్పు. కొద్దిలో పోయిన పంటకు ఎవరూ ఒక్క పాయింటు కూడా వేయరు. బహుశా అందుకేనేమో, ఓడినవాడి కష్టానికి కూడా కాస్త లెక్క కట్టే ఆటంటే ఇక్కడివాళ్లకు అంత ఇష్టం.

2024 అక్టోబరులో హైదరాబాద్ గచ్చిబౌలిలో పదకొండో సీజన్ తొలి మ్యాచ్‌లోనే టైటాన్స్ 37-29తో బెంగళూరు బుల్స్‌ను ఓడించింది. ఆ సీజన్‌లో 12 గెలిచి, ప్లేఆఫ్స్‌ను కొద్దిలో చేజార్చుకుంది. 2025లో ప్లేఆఫ్స్ చేరి, ఫైనల్‌కు ఒక్క అడుగు దూరంలో ఆగిపోయింది. కప్పు ఇంకా రాలేదు. అయినా గెలుపు మొదలయ్యాక వచ్చి చేరినవాళ్లకూ, 66లో 5 గెలిచిన రోజుల్లో టీవీ కట్టేయకుండా కూర్చున్నవాళ్లకూ ఆ సంతోషం ఒకే రుచిగా ఉంటుందా? రెండోవాళ్లు దాన్ని కష్టపడి సంపాదించుకున్నారు.