వంటగది లెక్క

సేవకుని ఇంట్లో వంటగది ఆ ఇంటివారికి మాత్రమే చెందినది కాదని మీకు తెలుసు. ఆదివారం ఆరాధన ముగిశాక దూరం నుండి వచ్చినవారు ఇద్దరు ముగ్గురైనా భోజనానికి ఆగుతారు. క్రిస్మస్ నెలలో ఆ లెక్క చెప్పనక్కరలేదు. రామంతాపూర్‌లో మేముంటున్న ఇల్లు మా నాన్నగారు 1991లో కట్టించినది. వంటగది ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. షాబాదు రాతి గట్టు, సింకు కింద ఎప్పుడూ ఆరని తడి, గోడలో చెమ్మ. దానిని బాగుచేయించాలన్న మాట నాలుగేళ్లు నలిగి, చివరికి 2025 నవంబరులో దేవుని కృపనుబట్టి పని మొదలైంది. ఎంతైంది, ఎలా సర్దుకున్నారు అని సంఘంలో చాలామంది అడుగుతున్నారు గనుక ఇక్కడ వ్రాస్తున్నాను.

గోపురం కట్టదలచినవాని ఉపమానం లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. దానిమీద ప్రసంగం చేయని పాస్టరు ఉండడు. అయితే ఇల్లు బాగుచేసుకునేవారిలో ఎక్కువమంది ముందు షోరూముకు వెళ్తారు, లెక్క తరువాత చూసుకుంటారు. మేమూ ఒక షోరూము చూశాము. తళతళలాడే తలుపులు, మెల్లగా వాటంతటవే మూసుకునే సొరుగులు. మా గది కొలతలు చెప్పగానే 3,40,000 రూపాయలని కాగితం వ్రాసి ఇచ్చారు. నెలనెలా వాయిదాలలో కట్టవచ్చని కూడా అన్నారు. మా దగ్గర ఉన్నది చీటీ పాడిన డబ్బు, రెండేళ్ల పొదుపు కలిపి 1,80,000. దానికి పైన ఉన్నదంతా మా అబ్బాయి ఇంజనీరింగ్ ఫీజు. దానిని ముట్టకూడదని, అప్పు చేయకూడదని భార్యాభర్తలం ముందే మాట అనుకున్నాము. కాబట్టి వంటగది ఎంత అడుగుతుందో అని చూడకుండా, ఉన్న 1,80,000లో ఏమేమి అవుతాయో చూశాము.

అందులోనుండి మొట్టమొదట 27,000 పక్కన పెట్టాము. అంటే నూటికి పదిహేను. పాత ఇంట్లో గోడ పగలగొడితే లోపల ఏముందో మేస్త్రీకి కూడా తెలియదు. ఈ సొమ్ము దేనికని పేరు పెట్టలేదు. పేరు పెడితే అది వెంటనే ఖర్చయిపోతుంది!

మిగిలిన 1,53,000లో మొదటి వాటా కంటికి కనబడని పనులకు వెళ్లింది. నీళ్ల పైపులకు, డ్రైనేజీకి 22,000, కరెంటు వైరింగుకు 16,000. ఇంటికి వచ్చినవారెవరూ ఈ 38,000ను చూసి మెచ్చుకోరు. కాని టైల్స్ వేసిన తరువాత పైపు పగిలితే టైల్స్ కూడా పోతాయి. పాత ఇళ్లలో వేసినవి ఇనుప పైపులు. లోపల తుప్పు పట్టి దారి సన్నబడి ఉంటుంది. మిక్సీ, గ్రైండరు, ఓవెన్ ఒకే సాకెట్టు మీద నడిపే అలవాటు కూడా మానుకోవాలి. ఓవెన్‌కు పదహారు ఆంపియర్ల సాకెట్టు, దానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించాము. గ్యాసు బండను గట్టు కింద అరలో పెట్టేవారు అర తలుపుకు అడుగున రంధ్రాలు తప్పక పెట్టించండి. వంటగ్యాసు గాలికంటె బరువైనది. లీకైతే నేలమీదే నిలుస్తుంది. ఈ రంధ్రాలకు ఖర్చేమీ లేదు, మనం అడగాలి అంతే.

ఇక అరల సంగతి. 2020 అక్టోబరు వానలు మా ప్రాంతపు వాళ్లెవరూ మరువలేదు. చెరువు దిగువ కాలనీలలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఆ వారం ప్రార్థనకు వెళ్లిన ఇళ్లలో నేను చూసినది ఇప్పటికీ కళ్లముందు ఉంది. చెక్కపొడితో చేసిన కింది అరలు నానబెట్టిన రొట్టెలా ఉబ్బి, తలుపులు ఊడి వేలాడుతున్నాయి. కడప రాతి పలకలతో అరలు కట్టుకున్న ముసలమ్మ మాత్రం బురద కడుక్కుని మరునాడే పొయ్యి వెలిగించింది. అందుచేత గట్టు కింద అడ్డపలకలన్నీ కడప రాయితోనే వేయించాము. పైన గోడ అరలకు మాత్రం ప్లైవుడ్. అందులోనూ ఐఎస్ 710 అని ముద్ర ఉన్నది మరుగునీటికి తట్టుకునే రకం. ఐఎస్ 303 ముద్ర ఉన్నది దానికంటె తక్కువ రకం. దుకాణంవారు నోటితో చెప్పేది వినక ముద్ర చూసి కొనండి.

గట్టు రాయికి చీమకుర్తి నల్ల గ్రానైటు మా అబ్బాయికి నచ్చింది. ప్రకాశం జిల్లా నుండి ప్రపంచమంతటికీ వెళ్లే రాయి, అందంలో సందేహం లేదు. కాని మా బోరు నీళ్లు ఎండితే తెల్లటి మరకలు పడతాయి, నలుపుమీద ప్రతి చుక్కా కనబడుతుంది. కరీంనగర్ వైపు దొరికే గోధుమరంగు టాన్ బ్రౌన్ తీసుకున్నాము. సిమెంటుమీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతం నుండి 18కి తగ్గిందని ఒక సహోదరుడు సంతోషంగా చెప్పాడు. మంచిదే గాని, మాకు పట్టినవి పది బస్తాలు!

ఎత్తు విషయంలో ఎవరి లెక్కా తీసుకోలేదు. మా ఇంటావిడను నిలబెట్టి మోచేయి ఎత్తు కొలిచాము. దానికి నాలుగైదు అంగుళాలు కిందికి గట్టు ఉంటే నడుము వంగదు. పొయ్యి గట్టుమీద కూర్చుంటుంది గనుక అక్కడ 32 అంగుళాలు, సింకు లోపలికి దిగి ఉంటుంది గనుక అక్కడ 34. దీనికి అదనంగా ఒక్క రూపాయి కాలేదు. మా అమ్మ ఇదంతా చూసి, "గట్టు ఎంత మంచిగ కడితే నాకేంది కొడుకా, కింద కూసొని కూరగాయలు కోసుకునే జాగ ఉంచు" అన్నది. తలుపు పక్క మూల మూడడుగులు వదిలాము. ఆమె కత్తిపీట అక్కడే ఉంది.

ఈ మాడ్యులర్ అనే పద్ధతికి మూలం చదివితే ఆశ్చర్యం వేస్తుంది. 1926లో మార్గరెటె షూటె లిహోట్స్‌కి అనే ఆస్ట్రియా దేశపు స్త్రీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో సామాన్యుల ఇళ్లకోసం చిన్న వంటగది రూపొందించింది. రైలు భోజనపు పెట్టెలోని వంటగదిని చూసి, ఇల్లాలు వేసే అడుగులు తగ్గేలా అన్నీ చేతికందే దూరంలో అమర్చింది. అలాంటివి సుమారు పదివేలు కట్టారు. తక్కువ ఖర్చుకోసం పుట్టినది ఇప్పుడు మనకు గొప్పతనపు గుర్తుగా అమ్ముడవుతోంది.

లెక్కలో అన్నిటికంటె కష్టమైనది రాయి కాదు, చెక్క కాదు. నాచారంలో చెక్కపని షెడ్డు నడుపుతున్న ఒక విశ్వాసి, "అయ్యగారూ, తలుపులు, పై అరలు నా కానుక. మీరు డబ్బు మాట ఎత్తవద్దు" అన్నాడు. నిజమైన ప్రేమతోనే అన్నాడు. 24,000 మిగిలేది. ఆ రాత్రి మా ఇంటావిడ మెల్లగా, "ఏమండీ, రేపు వాళ్లింట్లో అన్నదమ్ముల తగవు మీ దగ్గరికి వస్తే ఎలా మాట్లాడతారు? ఇవ్వలేని సహోదరి మన వంటగదిలో అడుగుపెట్టినప్పుడు ఏమనుకుంటుంది?" అన్నది. మరునాడు ఆయన దగ్గరికి వెళ్లి, పని మీరే చేయండి, అయితే అందరికీ వేసే ధరే వేయండి అన్నాను. కొంచెం నొచ్చుకున్నాడు. బిల్లు ఇచ్చాడు. ఇప్పటికీ ఆదివారం మా ఇంట్లో భోజనం చేస్తాడు.

కూలి దగ్గర బేరమాడే అలవాటు గురించి ఒక్క మాట. షోరూములో అచ్చువేసిన ధర మారుమాటాడకుండా ఇచ్చేవారు పాలమూరు నుండి వచ్చిన కూలీ దంపతుల దగ్గర వంద రూపాయలు తగ్గించి ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంటారు. తాపీపని కూలి మేము 20,000 అని వ్రాసుకున్నాము. ఖర్చు ఎక్కడ తగ్గించినా ఆ అంకె జోలికి పోలేదు. ఏ వారం కూలి ఆ శనివారం సాయంత్రమే ఇచ్చాము. పని సాగిన ఇరవై రెండు రోజులు వరండాలో ఒక్క పొయ్యిమీద వంట జరిగింది. టిఫిన్లు బయటినుండి తెప్పించిన ఖర్చు కూడా బడ్జెట్‌లో వ్రాసుకోండి. చాలామంది వ్రాసుకోరు.

పక్కన పెట్టిన 27,000లో 18,500 ఖర్చయింది. నేల పగలగొడితే మురుగు పైపుకు వాలు లేదని తేలింది. పెరటి వరకు కొత్తది వేయించవలసి వచ్చింది. మిగిలినది 8,500. మా ఇంటావిడకు చిమ్నీ కావాలని ఉంది, మంచిది ఆ సొమ్ముకు రాదు. పొయ్యి పైన గోడకు రంధ్రం, సాకెట్టు ముందే పెట్టించాము. ప్రస్తుతానికి కిటికీ పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది. ఆ రంధ్రానికి మిగిలిపోయిన టైలు ముక్క ఒకటి అడ్డం పెట్టి ఉంచాము.