పాలోళ్ల సైకిల్
రోడ్ బైక్ అంటే హ్యాండిల్ సీటు కన్నా కిందుండాలి, టైరు సన్నగుండాలి. ఫొటోలో అదిరిపోద్ది, నిజమే. కానీ తిరుపతి నుంచి చిత్తూరు దాదాపు 70 కిలోమీటర్లు. పూతలపట్టు చేరేసరికి నా చిటికెన వేళ్లు తిమ్మిరెక్కేవి. సోమవారం కీబోర్డు ముందు కూర్చున్నా ఆ తిమ్మిరి పోయేది కాదు. కోడ్ రాసి బతికేవాడికి వేళ్లే కదా జీతం!

ఒంటి బరువు అరచేతుల మీద పడితే అక్కడుండే అల్నార్ నరం నలుగుతుంది. అందుకే స్టెమ్ పైనున్న స్పేసర్లు దాని కిందికి మార్చి, స్టెమ్‌ని తిరగేసి బిగించా. హ్యాండిల్ 3 సెంటీమీటర్లు లేచింది. 25 మిల్లీమీటర్ల టైర్లు తీసేసి 32వి వేశా (మీ ఫ్రేములో పడతాయో లేదో ముందు చూస్కోండి). గాలి 100 పీఎస్ఐ నుంచి 65కి దించా.

'ఏంది రా, పాలోళ్ల సైకిల్ మాదిరుండాదే!' అన్నాడు ఫ్రెండు. ఉండనీ. తిమ్మిరి చాలా తగ్గింది. ఈ ఆదివారం సీటు ఇంకో 5 మిల్లీమీటర్లు వెనక్కి జరిపి చూస్తా.