కేసెట్‌లో తెగిన చరణం

మొన్న రాజమండ్రిలో మా పెదనాన్న మనవరాలి రిసెప్షన్. స్టేజీ ముందు ఫొటోల వరస ఎంతకీ కదలడం లేదని అక్కా నేనూ భోజనాల వైపు నడుస్తున్నాం. అంతలో ఆర్కెస్ట్రా కుర్రాడు ‘గీతాంజలి’ పాట ఎత్తుకున్నాడు. కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

1989. నాకు 19 ఏళ్లు. సినిమా కేసెట్ కొనే డబ్బుల్లేక, కాగితం మీద పాటల పేర్లు రాసిచ్చి, రికార్డింగ్ షాపులో 60 నిమిషాల ఖాళీ కేసెట్‌లోకి ఎక్కించుకునేవాళ్లం. ఒక్కో వైపు అరగంట. ఆ పాట ‘ఎ’ సైడు చివర పడింది. రెండో చరణం మధ్యలో టేపు అయిపోయి మీట టక్కున పైకి లేచేది. టేపు చిక్కుపడితే అన్నయ్య పెన్సిల్ దూర్చి తిప్పుతూ, ముడత పడ్డచోట గోటితో మెల్లగా సాపు చేసేవాడు. అన్నయ్య ఇప్పుడు లేడు.

ఇళయరాజా వయొలిన్లు కీబోర్డులో పలచబడ్డాయి, నిజమే. బాలు గొంతు ఇంకెవరికి వస్తుంది? 2020 సెప్టెంబరులో ఆయన పోయిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. అయినా ఆ కుర్రాడు ఫోనులో వేటూరి మాటలు చూసుకుంటూ ఎంత శ్రద్ధగా పాడాడో! ఒత్తులన్నీ ఒత్తుల్లాగే పలికాడు. నాకు అది చాలు.

రెండో చరణం వచ్చింది. నా చెవి ఆ టక్కుమనే చప్పుడు కోసం ఎదురుచూసింది. పాట ఆగలేదు. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. అయ్యేదాకా ఇద్దరం అక్కణ్ణుంచి కదల్లేదు.