ముందు చెయ్యి వాసన చూపించాలి

9 నవంబర్ 2025, తెనాలి

మొంథా తుఫాను వెళ్ళినప్పటినుంచి స్టేషన్లో టీ కొట్టు బల్ల కింద పడుకుంటున్న తెల్ల ఆడకుక్కని ఇవాళ ఇంటికి తెచ్చుకున్నాం. రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, ఆసుపత్రులు, బడుల ఆవరణల్లోంచి వీధికుక్కల్ని తీసెయ్యమని మొన్న శుక్రవారమే సుప్రీంకోర్టు చెప్పింది. "మిగతావి పారిపోతయ్యి మేడం, దీనికి వల వేసేదాకా తెలవదు" అన్నాడు టీ కొట్టతను. విజయవాడ బండి కూత పెట్టుకుంటూ వచ్చినా చెవి కదపలేదు. నేల అదిరాక లేచి కూచుంది. చెవి అంచున గాటు ఉంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందన్నమాట.

14 నవంబర్

గన్నవరం పశువైద్య కళాశాలకి తీసుకెళ్ళాం. టార్చి వేస్తే కంటిపాప ముడుచుకోలేదు. చెవుల్లో పాత చీము. గోమార్ల జ్వరంవల్ల చూపు పోయి ఉండొచ్చు, ఖాయంగా చెప్పలేనన్నారు డాక్టరు. రేబిస్ టీకా వేశారు. "ఉలిక్కిపడేలా మాత్రం ముట్టుకోవద్దు" అని రెండుసార్లు చెప్పారు.

కుక్కపిల్లలకి పుట్టాక రెండు వారాల దాకా కళ్ళూ చెవులూ తెరుచుకోవు. ముక్కుతోనే తల్లిపాలు వెతుక్కుంటాయి. కాబట్టి మల్లికి ఈ చదువు బొత్తిగా కొత్తదేం కాదు. మల్లి అని బుజ్జిగాడు పెట్టాడు. వినపడనిదానికి పేరెందుకురా అంటారు వాళ్ళ నాన్న, అని ఆయనే అస్తమానం పిలుస్తుంటారు.

23 నవంబర్

ఇంటికి గుర్తులు పెట్టాం. వంటింటి గుమ్మంలో కొబ్బరిపీచు పట్టా, నీళ్ళగిన్నె కింద గోనెసంచి, పడుకునేచోట ఈతచాప, మెట్లకి ముందు గరుకు రబ్బరు పట్టా. కాలికింద ఏం తగిలిందో దాన్నిబట్టి ఎక్కడుందో దానికి తెలుస్తుంది. పెరటి తలుపుకి కర్పూరం కడదామన్నారు అత్తయ్య. కర్పూరమూ, కలరా ఉండలూ కుక్కలకి విషం. వట్టివేళ్ళ కట్ట అందనంత ఎత్తున కట్టాం. ఇక ఈ ఇంట్లో సోఫా జరపడం నిషిద్ధం.

సైగలు కూడా ఖాయం చేశాం. ముందు చెయ్యి ముక్కు దగ్గర పెట్టాలి, అది వాసన చూసేదాకా ఆగాలి. తరవాత భుజం మీద రెండు వేళ్ళు ఆనిస్తే రమ్మని, నడుం మీద అరచెయ్యి వేస్తే కూచోమని. గడ్డం కింద నిమిరామంటే భేష్, వెంటనే ఉప్పులేని పన్నీరు ముక్క. చేపయితే ఇంకా తొందరగా నేర్చుకునేదేమో, మా ఇంట్లో పన్నీరే గతి. బుజ్జిగాడు వీపు గోకీ, ఆయన తొడ తట్టీ పిలిస్తే దానికి ఏం అర్థమవుతుంది? బొమ్మ గీసి ఫ్రిజ్ మీద అంటించాను. అందరికన్నా కచ్చితంగా పాటించేది అత్తయ్యే. మడిలో ఉన్నప్పుడు ముట్టుకోరు కదా, పీటతో నేలమీద రెండు దెబ్బలు వేస్తారు. అదురు తెలిసి మల్లి పక్కకి జరుగుతుంది. ఇది నా బొమ్మలో లేదు.

7 డిసెంబర్

భయపడేవాళ్ళతో మల్లికి ఏ ఇబ్బందీ లేదు, వాళ్ళు దూరంగానే ఉంటారు. "అయ్యో పాపం" అనేవాళ్ళతోనే చిక్కు. వంగి నేరుగా నెత్తిమీద చెయ్యి వేస్తారు. ఇవాళ ఒకావిడ అలాగే వేస్తే మల్లి గాల్లోకి పళ్ళు ఆడించింది. ఆవిడ అదిరిపడి, ఇట్లాంటిదానికి ఇంజెక్షన్ ఇప్పించడమే పుణ్యం అనేసింది. చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ కుక్కలంటే ప్రాణం పెట్టేది, 1937లో జపాన్ వెళ్ళి అకితా కూనని కానుకగా తెచ్చుకుంది అని చెప్పాను. ఆవిడ కాఫీ చల్లారిపోయిందంది.

14 జనవరి 2026, రేపల్లె

"పట్టుచీరలు తెస్తావనుకుంటే గోనెసంచులు మోసుకొచ్చావేమే!" అంది అమ్మ. పట్టాలన్నీ ఇక్కడా అదే వరసలో పరిచాను. నిన్న సాయంత్రానికే నీళ్ళగిన్నె దానంతటది వెతుక్కుంది.

ఇవాళ తెల్లారుజామున మాత్రం కష్టమైంది. వీధంతా భోగిమంటల పొగ. పొగ కింద అన్ని వాసనలూ అణగారిపోయి, తెలిసిన వాకిట్లోనే ముందుకీ వెనక్కీ కదలక నిలబడిపోయింది. చెయ్యి చూపించినా పోల్చుకోలేదు, నా చెయ్యీ పొగ వాసనే కదా. ఈతచాప తెచ్చి కాళ్ళ ముందు వేస్తే దానిమీదే ముడుచుకుని పడుకుంది. పొగ తగ్గాక గంగిరెద్దు సందు మొదట్లో ఉండగానే మాకన్నా ముందు లేచి కూచుంది. సన్నాయి విని మేం తలుపు తీసేసరికి ముక్కు అటే పెట్టుకుని ఉంది.

8 ఫిబ్రవరి, బాపట్ల

వదినావాళ్ళింటికి వచ్చి, పొద్దున్నే సూర్యలంక వెళ్ళాం. భుజాల పట్టీకి పొడుగు తాడు కట్టి వదిలాను. గోడ లేదు, గడప లేదు, మెట్టు లేదు. మల్లి పరిగెత్తడం ఇదే మొదలు. ఇంట్లో ఆచితూచి వేసే అడుగులు చూసి అది దాని నడకే అనుకుంటూ వచ్చాం. కాసేపటికి ఆగి, ముక్కెత్తి, గాలికి అడ్డంగా అటూ ఇటూ వంకర్లు తిరిగి, ఒక్కసారిగా వలలవైపు లాక్కుపోయింది. వాసన గాల్లో ఎక్కడ చిక్కబడుతోందో అట్లా కొలుచుకుంటుంది కాబోలు. "కళ్ళు లేవంటారు, తిన్నగా ఎండుచేపల కాడికే వచ్చిందే!" అని నవ్వాడు వల బాగుచేసుకుంటున్న పెద్దాయన. ముట్టుకోబోయి, నేను చెప్పకముందే చెయ్యి దాని ముక్కు ముందుంచి ఆగాడు. ఉప్పు పట్టినవి వద్దంటే బుట్టలోంచి చిన్న పచ్చి చేప తీసిచ్చాడు.

అత్తయ్యకి చెప్పాలా వద్దా అని తెనాలి దాకా వాదించుకున్నాం. గుమ్మంలోనే ఆవిడకి తెలిసిపోయింది. స్నానం చేయించందే ఈతచాప ఎక్కనివ్వలేదు.